తండ్రి కోసం ఒక తీర్పు, కూతురి కోసం ఒక తీర్పు

పాకిస్తాన్ సుప్రీంకోర్టు తీర్పుల సంపుటాలను తిరగేసేవారికి ఒకే స్త్రీ పేరు మూడు దశాబ్దాల ఎడంతో రెండుచోట్ల కనిపిస్తుంది. 1972 సంపుటంలో ఆమె అర్జీదారు. మార్షల్ లా ప్రభుత్వం నిర్బంధించిన తన తండ్రిని విడిపించమని కోరుతూ న్యాయస్థానం మెట్లెక్కిన కూతురు. 2004 సంపుటంలో ఆమె ప్రతివాది. తన కుమార్తెను తనకు అప్పగించమని కోరుతూ వచ్చిన ఒక తండ్రికి ఎదురుగా నిలిచిన న్యాయవాది. మొదటి తీర్పులో ఆమె ఆస్మా జిలానీ. రెండవ దానిలో ఆస్మా జహాంగీర్.

లాహోర్‌లో వకాలత్ ప్రారంభించి, ఐక్యరాజ్యసమితి తరఫున దేశదేశాలు తిరిగి, 2018లో కన్నుమూసిన ఈ న్యాయవాది పట్ల ముస్లిం సమాజంలో ఏకాభిప్రాయం ఎన్నడూ లేదు. ఆమెను అక్కున చేర్చుకున్నవారున్నారు, ధర్మద్రోహి అన్నవారున్నారు. ఆమె అభిప్రాయాలన్నింటితో మేము ఏకీభవించము. మా పాఠకులూ ఏకీభవించనక్కరలేదు. అయితే ఆమె న్యాయస్థానాలలో లేవనెత్తిన ప్రశ్నలలో కొన్ని మన ఇళ్ళలోని ప్రశ్నలే. వయసు వచ్చిన ఆడపిల్ల సమ్మతి లేకుండా జరిగే నికాహ్ నికాహేనా? ఆపదలో ఉన్న స్త్రీ తలుపు తడితే తీయవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నల వల్లనే ఆమె జీవితాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ఆస్మా 1952 జనవరి 27న లాహోర్‌లో జన్మించారు. తండ్రి మలిక్ గులామ్ జిలానీ ప్రభుత్వోద్యోగం విడిచి రాజకీయాల్లోకి వచ్చినవారు. అయూబ్ ఖాన్ పాలననూ, ఆ తర్వాత యహ్యా ఖాన్ పాలననూ బాహాటంగా విమర్శించారు. 1971లో తూర్పు పాకిస్తాన్‌పై జరిగిన సైనిక చర్యను పశ్చిమ పాకిస్తాన్‌లో వ్యతిరేకించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అందుకు ఫలితం నిర్బంధం. ఆ ఇంట్లో పిల్లలకు జైలు, కోర్టు, పోలీసు జీపు అపరిచితమైన మాటలు కావు.

1971 డిసెంబరులో ఆయనను మొదట దేశరక్షణ నిబంధనల కింద పట్టుకున్నారు. అది నిలవదని తోచిందేమో, కొద్దిరోజులకే ఆ ఉత్తర్వును రద్దుచేసి, మార్షల్ లా నిబంధన కింద కొత్త ఉత్తర్వు జారీచేశారు. అప్పటికి ఆస్మాకు 19 ఏళ్ళు. ఇంకా న్యాయశాస్త్రం చదవలేదు. ఆమె పేరుతో దాఖలైన పిటిషన్‌ను లాహోర్ హైకోర్టు తోసిపుచ్చింది. 1958 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు అందుకు అడ్డుగా నిలిచింది. సైనిక తిరుగుబాటు సఫలమైతే ఆ సాఫల్యమే దానికి చట్టబద్ధత కల్పిస్తుందని ఆ పాత తీర్పు చెప్పింది. ఆస్మా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1972 ఏప్రిల్ 20న ప్రధాన న్యాయమూర్తి హమూదుర్ రహ్మాన్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ పాత తీర్పును కొట్టివేసి, యహ్యా ఖాన్ అధికారాన్ని అక్రమంగా హస్తగతం చేసుకున్నాడని ప్రకటించింది. అప్పటికే యహ్యా గద్దె దిగి ఉన్నాడు కనుక న్యాయమూర్తుల ధైర్యం కాస్త ఆలస్యంగా వచ్చిందని అనేవారున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఉపఖండంలో రాజ్యాంగశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేటికీ చదివే తీర్పు అది. దానిపై ఉన్నది ఒక కళాశాల విద్యార్థిని పేరు.

కినైర్డ్ కళాశాలలో పట్టభద్రురాలై, వివాహానంతరం 1978లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1980లో తన చెల్లెలు హినా జిలానీ, స్నేహితురాళ్ళు గుల్‌రుఖ్ రహ్మాన్, షహ్లా జియాలతో కలిసి లాహోర్‌లో ఒక న్యాయవాద కార్యాలయం తెరిచారు. పాకిస్తాన్‌లో పూర్తిగా స్త్రీలే నడిపిన మొదటి న్యాయవాద సంస్థ అదే. నలుగురి పేర్ల మొదటి అక్షరాలను కలిపి దానికి ఏజీహెచ్ఎస్ అని పేరు పెట్టారు. ఆడవాళ్ళ చేతికి కేసు ఇచ్చేదెవరన్న ప్రశ్నకు జవాబు త్వరలోనే దొరికింది. ఫీజు ఇచ్చుకోలేని ఆడవాళ్ళే వచ్చారు. అందుకోసం ఉచిత న్యాయసహాయ విభాగాన్ని ప్రారంభించవలసి వచ్చింది.

అవి జనరల్ జియావుల్ హఖ్ రోజులు. 1979లో ఆయన హుదూద్ ఆర్డినెన్సులు జారీచేశారు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఖుర్ఆన్ వ్యభిచార నేరాన్ని రుజువు చేయటానికి నలుగురు సాక్షులను కోరింది. నిరూపించలేని ఆరోపణ చేసినవారికి శిక్ష నిర్ణయించింది. స్త్రీల శీలంపై నోటికొచ్చినట్లు మాట్లాడేవారి నోళ్ళు మూయించటానికి వచ్చిన ఆజ్ఞలవి. 1979 నాటి ఆర్డినెన్సు మాత్రం బలాత్కారాన్నీ, వ్యభిచారాన్నీ ఒకే చట్టంలో పక్కపక్కన ఉంచింది. ఫలితంగా బలాత్కారానికి గురైన స్త్రీ ఫిర్యాదు చేసి దానిని నిరూపించలేకపోతే, ఆ ఫిర్యాదే ఆమె నేరాంగీకారంగా మారే ప్రమాదం ఏర్పడింది. గర్భం దాల్చితే సాక్ష్యం కూడా వెతకనక్కరలేదు.

1983లో సాహీవాల్ ప్రాంతానికి చెందిన ఒక అంధ యువతికి జరిగింది ఇదే. ఇంటి పని చేసుకుని బతికే పేదపిల్ల. తనపై అత్యాచారం జరిగిందని ఆమె చెప్పింది. చూపు లేదు కనుక నిందితులను గుర్తించే సాక్ష్యం చాలదని వారు బయటపడ్డారు. ఆమెకు మాత్రం 3 సంవత్సరాల కారాగారం, 15 కొరడా దెబ్బలు, జరిమానా పడ్డాయి. దేశవ్యాప్తంగా ఆందోళన చెలరేగింది. ఆ శిక్షను చివరికి రద్దుచేసింది ఫెడరల్ షరీఅత్ న్యాయస్థానమే. తనపై బలప్రయోగం జరిగిందని చెబుతున్న స్త్రీని గర్భం ఆధారంగా శిక్షించరాదని షరీఅత్ న్యాయమూర్తులు ఫిఖహ్ గ్రంథాల ఆధారంతోనే తేల్చారు. ఆస్మా, హినా ఈ ఆర్డినెన్సులపై రాసిన పుస్తకం 1990లో వెలువడింది. అవి మొత్తంగా రద్దు కావాలన్నది వారి వాదన. ధార్మిక పండితులలో పలువురు దానిని అంగీకరించలేదు. లోపాలను సవరిస్తే చాలునన్నారు. 2006లో పార్లమెంటు బలాత్కార నేరాన్ని ఆ ఆర్డినెన్సు నుండి తీసి సాధారణ శిక్షాస్మృతిలోకి మార్చింది. ఈ ఒక్క మార్పుకు 27 ఏళ్ళు పట్టాయి. ఆ మధ్యకాలంలో జైళ్ళలో గడచిన జీవితాలకు జవాబుదారీ ఎవరన్నది చరిత్రకే వదిలివేయబడింది.

అదే కాలంలో సాక్ష్యపు చట్టం మార్పు కూడా చర్చకు వచ్చింది. ఇద్దరు స్త్రీల సాక్ష్యాన్ని ఒక పురుషుని సాక్ష్యంతో సమానం చేసే ప్రతిపాదనకు వ్యతిరేకంగా 1983 ఫిబ్రవరి 12న మహిళలు లాహోర్ మాల్ రోడ్డు మీదుగా హైకోర్టు వైపు ఊరేగింపుగా బయలుదేరారు. పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో ఎదురయ్యారు. వారితో ఉన్న కవి హబీబ్ జాలిబ్ కూడా దెబ్బలు తిన్నారు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్ అప్పు లావాదేవీలను రాసుకునే సందర్భాన్ని గురించినది. మిగిలిన అన్ని వ్యవహారాలకూ దానిని వర్తింపజేయటం సరికాదన్నది ఆ మహిళలలో పలువురి వాదన. 1984లో వచ్చిన ఖానూనె షహాదత్ ఉత్తర్వు ఆ నియమాన్ని లిఖితపూర్వకమైన ఆర్థిక వ్యవహారాలకే పరిమితం చేసింది. ఆస్మా మాత్రం ఆ 1983లో కొంతకాలం జైల్లో గడిపారు. పాకిస్తాన్‌లో ఫిబ్రవరి 12ను నేడు జాతీయ మహిళా దినంగా పాటిస్తున్నారు.

ఆమె కేసులన్నీ స్త్రీలవే అనుకోరాదు. ఇటుక బట్టీలలో కుటుంబాలకు కుటుంబాలు 'పేష్గీ' అనే అడ్వాన్సు కింద బందీలై ఉండేవి. తండ్రి తీసుకున్న అప్పును కొడుకు, కొడుకు తీర్చలేనిదాన్ని మనవడు మట్టి పిసికి తీర్చాలి. 1988లో కొందరు బట్టీ కూలీలు తమను కాపాడమంటూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి తంతి పంపారు. న్యాయస్థానం ఆ తంతినే పిటిషన్‌గా స్వీకరించింది. కూలీల పక్షాన ఆస్మా వాదించారు. 1992లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (సఅసం) హితవును మసీదులో విని, బట్టీకి వెళ్ళి పద్దు పుస్తకం తెరిచే యజమానులు ఆ దేశంలోనూ ఉన్నారు, మన దేశంలోనూ ఉన్నారు.

1987లో ఏర్పడిన పాకిస్తాన్ మానవహక్కుల కమిషన్ వ్యవస్థాపకులలో ఆమె ఒకరు. జియా సైనిక ఉత్తర్వుపై ప్రమాణం చేయనని పదవి వదులుకున్న పార్సీ న్యాయమూర్తి దొరాబ్ పటేల్ ఆ పనిలో ఆమెకు తోడు. 1990లో ఏజీహెచ్ఎస్ తరఫున లాహోర్‌లో స్త్రీలకు ఒక ఆశ్రయ గృహం తెరిచారు. దాని పేరు దస్తక్. తలుపు తట్టడం అని అర్థం.

ఆ తలుపును 1996లో ఒక యువతి తట్టింది. మొదట ప్రస్తావించిన రెండవ తీర్పు ఆమెదే.

ఆ యువతికి 22 ఏళ్ళు, చదువుకున్న పిల్ల. తండ్రి లాహోర్‌లో పేరున్న ధార్మిక కుటుంబానికి చెందినవారు. ఆమె ఒక అధ్యాపకుణ్ణి తన ఇష్టప్రకారం నికాహ్ చేసుకుంది. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆమె ఇల్లు విడిచి ఆస్మా కార్యాలయానికి వచ్చింది. అక్కడి నుండి దస్తక్‌కు చేరింది. తన కూతురిని తనకు అప్పగించమంటూ తండ్రి హైకోర్టును ఆశ్రయించారు. వలీ సమ్మతి లేనందున ఆ నికాహ్ చెల్లదన్నది ఆయన వాదన. ఈ వాదన నెగ్గితే పర్యవసానం ఇంటి పరువుతో ఆగదు. నికాహ్ చెల్లకపోతే ఆ దంపతుల సహజీవనం 1979 ఆర్డినెన్సు ప్రకారం నేరమవుతుంది. ఆ రోజుల్లో ఇష్టంలేని అల్లుడిపై, కన్న కూతురిపై పోలీసు కేసు పెట్టించటానికి తండ్రులు వాడుకున్న దారి ఇదే.

న్యాయస్థానంలో ఏడాదిపాటు ఫిఖహ్ చర్చ నడిచింది. ఆ చర్చ మన ఇళ్ళకూ అవసరమైనదే కనుక కాస్త వివరంగా చెప్పుకుందాము. వలీ లేని నికాహ్ లేదని చెప్పే హదీసు ఆధారంగా ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫిఈ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) గార్ల మార్గాలలో వలీ ద్వారానే నికాహ్ జరగాలి. భర్త లేని స్త్రీకి తన విషయంలో వలీకన్నా ఎక్కువ హక్కు ఉందని చెప్పే హదీసునూ, స్త్రీలు తమ భర్తలను వివాహమాడకుండా అడ్డుపడవద్దని ఆదేశించే అల్ బఖరా 232వ ఆయత్‌నూ ఆధారం చేసుకుని, యుక్తవయస్కురాలు, బుద్ధిమంతురాలైన స్త్రీ తన నికాహ్‌ను తానే చేసుకోగలదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. సంబంధం సమానస్థాయి కానప్పుడు, అంటే కుఫూ లేనప్పుడు, అభ్యంతరం చెప్పే హక్కు హనఫీ మార్గంలోనూ వలీకి ఉంది. ఈ భేదాలు పండితుల మధ్య ఉన్నవే. అయితే ఒక విషయంలో మాత్రం మనకు స్పష్టమైన సంఘటన ఉంది. హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఆమె తండ్రి ఆమెకు ఇష్టం లేని పెళ్ళి చేశారు. ఆమె దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి చెప్పుకుంటే, ఆయన ఆ నికాహ్‌ను రద్దుచేశారు. ఇది సహీహ్ బుఖారీలో ఉన్నది.

1997 మార్చిలో లాహోర్ హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మెజారిటీతో ఆ యువతి నికాహ్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. మూడవ న్యాయమూర్తి విభేదించారు. మెజారిటీలోని న్యాయమూర్తి ఒకరు సైతం ఇంట్లో చెప్పకుండా జరిగే వివాహాల పట్ల తన అసంతృప్తిని దాచుకోలేదు. తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2003 డిసెంబరులో అక్కడా ఆయనకు చుక్కెదురైంది. తండ్రి పిటిషన్ వేసింది ఆస్మాపై కనుక తీర్పు శీర్షికలో ప్రతివాది స్థానంలో ఆమె పేరు నిలిచిపోయింది.

ఇళ్ళు విడిచి వెళ్ళే పెళ్ళిళ్ళను మేము ప్రోత్సహించము. తల్లిదండ్రుల మనసు కష్టపెట్టి మొదలయ్యే సంసారాలు ఎంత ఒంటరివో మనందరికీ తెలుసు. కానీ కూతురు గడప దాటిన రోజున ఆగ్రహించే తండ్రి, అంతకుముందు ఆమెను ఎన్నిసార్లు అడిగారు? మన ఇళ్ళలో నికాహ్ వేళ వకీల్, ఇద్దరు సాక్షులు వధువు గది గుమ్మం వద్దకు వస్తారు. పేరు, మహర్ చెప్పి సమ్మతి అడుగుతారు. అప్పటికి కార్డులు పంచబడి ఉంటాయి. షాదీఖానా అడ్వాన్సు కట్టి ఉంటుంది. బయట దేగ్చాలలో బిర్యానీ దమ్ మీద ఉంటుంది. చుట్టూ ఉన్న పిన్నమ్మలు, మేనత్తలు 'అను, అను' అని భుజం తడుతుంటారు. ఆ క్షణాన ఆ పిల్ల 'వద్దు' అనగలదా? షరీఅత్ కోరిన సమ్మతి కార్డులు అచ్చువేయక ముందు అడగవలసిన ప్రశ్న. గుమ్మం వద్ద అడిగేది దానికి సాక్ష్యం పలకటమే.

నికాహ్ పత్రం గురించి కూడా ఆస్మా, ఆమె సహచరులు ఎంతో పట్టుదలతో ప్రచారం చేశారు. 1961 ముస్లిం కుటుంబ చట్టాల ఆర్డినెన్సు కింద పాకిస్తాన్‌లో వాడే నికాహ్‌నామాలో 18వ గడి ఒకటుంది. విడాకుల హక్కును భర్త భార్యకు అప్పగించాడా, అయితే ఏ షరతులపై అన్నది ఆ గడిలో రాయాలి. ఫిఖహ్ పరిభాషలో దీనిని తలాఖె తఫ్వీజ్ అంటారు. ఇది ఎవరో కొత్తగా కనిపెట్టినది కాదు. హనఫీ గ్రంథాలలో వివరంగా ఉన్న విషయం. మన దేశంలోని న్యాయస్థానాలూ దీనిని గుర్తించాయి. అక్కడ నికాహ్ చదివేవారు అనేకులు వధువు పక్షాన్ని అడగకుండానే ఆ గడిలో అడ్డంగా గీత గీసేస్తారు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే విడాకుల మాట ఎందుకని సర్దిచెబుతారు. మన సియాహనామాల విషయంలోనూ పరిస్థితి మెరుగేమీ కాదు. మహర్ అంకె, సాక్షుల సంతకాలు దాటి మన దృష్టి సాగదు. షరతులు రాసుకునే వీలు షరీఅత్ కల్పించిందన్న సంగతి, అత్తవారింట కష్టాలు ముదిరిన తర్వాతగాని చాలామంది తండ్రులకు తెలియదు.

వచ్చిన ప్రతి స్త్రీనీ ఆ కార్యాలయం కాపాడలేకపోయింది. 1999 ఏప్రిల్ 6న పెషావర్‌కు చెందిన ఒక యువతి హినా జిలానీ గదిలో కూర్చుని ఉంది. హింసించే భర్త నుండి విడాకులు కోరి దస్తక్‌లో తలదాచుకున్న స్త్రీ ఆమె. కుటుంబం సంపన్నమైనది, పలుకుబడి గలది. విడాకుల కాగితాలు తెచ్చానంటూ తల్లి వస్తానంటే, తల్లిని మాత్రం కలుస్తానని ఆమె ఒప్పుకుంది. తల్లితోపాటు వచ్చిన మనిషి తుపాకి తీసి ఆమెను అక్కడికక్కడే కాల్చిచంపాడు. ఆ హత్యను ఖండించే తీర్మానం పాకిస్తాన్ సెనేట్‌లో నెగ్గలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరినీ చంపుతామన్న బెదిరింపులు మాత్రం వెల్లువెత్తాయి.

పరువు పేరిట జరిగే ఈ హత్యలకు ఇస్లాంలో స్థానం లేదని మన వేదికలపై తరచూ చెప్పుకుంటాము. చట్టం విషయానికి వస్తే చిక్కు మరోచోట ఉంది. ఖిసాస్ చట్టం ప్రకారం హతుని వారసులు హంతకుణ్ణి క్షమించవచ్చు. కూతురిని చంపించినది తండ్రి అయితే, క్షమించవలసిన వారసుడూ ఆయన ఇంటివారే. ప్రాణాన్ని కాపాడటానికి వచ్చిన ఆజ్ఞను ప్రాణం తీసినవారు కవచంగా తొడుక్కున్నారు. 2004లో కొంత, 2016లో మరికొంత ఈ సందు మూసివేయబడింది. ఇప్పుడు పరువు హత్య అని తేలితే వారసులు క్షమించినా హంతకుడికి యావజ్జీవ కారాగారం తప్పదు.

అప్పటికే ఆస్మా ఐక్యరాజ్యసమితి బాధ్యతలో ఉన్నారు. 1998లో ఆమెను చట్టవిరుద్ధ హత్యలపై ప్రత్యేక ప్రతినిధిగా నియమించారు. ఈ పదవికి జీతం లేదు. చేతిలో పోలీసు లేడు. దేశాల ప్రభుత్వాలకు లేఖలు రాయటం, అవి ఆహ్వానిస్తే వెళ్ళి చూడటం, చూసినది నివేదికగా సమర్పించటం, అంతే. తూర్పు తిమోర్, కాంగో, బ్రెజిల్, అఫ్ఘానిస్తాన్, సూడాన్ వంటి దేశాలలో ఆమె పర్యటించారు. పోలీసులు, సైనికులు చేసే హత్యలపైనే సాధారణంగా దృష్టి ఉండే ఆ నివేదికలలో పరువు హత్యలకూ ఆమె చోటు కల్పించారు. హంతకులను ప్రభుత్వం చూసీచూడనట్లు వదిలేస్తే ఆ హత్యలో దానికీ భాగం ఉన్నట్లేనన్నది ఆమె నిలిపిన సూత్రం. తన లాహోర్ కార్యాలయంలో పారిన నెత్తురును జెనీవా కాగితాలపైకి ఆమె ఇలా తీసుకువెళ్ళారు.

అంతర్జాతీయ మహిళా హక్కుల గురించి మాట వచ్చినప్పుడు 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన స్త్రీ వివక్ష నిర్మూలన ఒడంబడికను ప్రస్తావించక తప్పదు. భారతదేశం దానిని 1993లో ధ్రువీకరించింది. ఏ మతవర్గపు వ్యక్తిగత వ్యవహారాలలోనైనా ఆ వర్గం చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమన్న ప్రకటనను జతచేసింది. పాకిస్తాన్ 1996లో తన రాజ్యాంగానికి లోబడి అన్న ప్రకటనతో చేరింది. అంటే చొరవ తీసుకోవలసిన భారాన్ని ఒడంబడికలు తిరిగి మన వీధిలోకే తెచ్చి దింపాయి.

2004 నుండి 2010 వరకు ఆమె మతస్వేచ్ఛపై ప్రత్యేక ప్రతినిధి. ఆమె జీవితంలో మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన భాగం ఇదే అనిపిస్తుంది. ఆస్మా స్వయంగా హిజాబ్ ధరించేవారు కాదు. మత సంస్థల పలుకుబడిని తీవ్రంగా విమర్శించిన మనిషి. అటువంటి వ్యక్తి 2005 సెప్టెంబరులో ఫ్రాన్స్ వెళ్ళారు. పాఠశాలల్లో ప్రస్ఫుటమైన మతచిహ్నాలను నిషేధిస్తూ ఆ దేశం 2004లో చట్టం చేసింది. ఆమె అక్కడి విద్యార్థినులతోనూ, అధికారులతోనూ మాట్లాడారు. ఆ చట్టం అన్ని మతాలకూ వర్తిస్తున్నట్లు కనిపించినా, దాని భారం ముఖ్యంగా తమ ఇష్టంతో తలకప్పు ధరించే ముస్లిం బాలికలపై పడుతోందని నివేదికలో రాశారు. బడిలో మొదలైన చిన్నచూపు బడి బయట ఉద్యోగాలలోకీ, వీధులలోకీ పాకుతోందని హెచ్చరించారు. 2006లో సమర్పించిన మరో నివేదికలో మతచిహ్నాల గురించి వివరంగా చర్చించి, ఇష్టపడి ధరించే స్త్రీకి ధరించే స్వేచ్ఛనూ, ఇష్టపడని స్త్రీకి ధరించకుండా ఉండే స్వేచ్ఛనూ కాపాడాలన్నారు. బలవంతంగా కప్పించటాన్నీ, బలవంతంగా తీయించటాన్నీ ఆమె ఒకే కొలబద్దతో కొలిచారు. కర్ణాటక కళాశాలల హిజాబ్ వివాదంలో 2022 అక్టోబరు 13న మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరొక తీర్పు చెప్పిన రోజున ఈ నివేదికలు మాకు గుర్తుకొచ్చాయి.

2008 జనవరిలో ఆమె ఇజ్రాయెల్‌లోనూ, ఆక్రమిత పాలస్తీనా ప్రాంతాలలోనూ పర్యటించారు. పర్మిట్లు, తనిఖీ కేంద్రాల వల్ల ముస్లింలు, క్రైస్తవులు జెరూసలేంలోని తమ పవిత్ర స్థలాలలో ప్రార్థన చేసుకోలేకపోతున్నారని నమోదు చేశారు. మరుసటి ఏడాది గాజా యుద్ధంపై ఐక్యరాజ్యసమితి నియమించిన గోల్డ్‌స్టోన్ విచారణ బృందంలో హినా జిలానీ సభ్యురాలు.

2008 మార్చిలో ఆస్మా మన దేశానికి వచ్చారు. 3 నుండి 20వ తేదీ వరకు సాగిన ఆ పర్యటన నివేదికలో గుజరాత్ బాధితుల న్యాయం గురించీ, కొన్ని రాష్ట్రాల మతమార్పిడి నిరోధక చట్టాల గురించీ ఆందోళన వ్యక్తపరిచారు. షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టరాదని సిఫారసు చేశారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఆ హోదాకు దూరమైన దళిత ముస్లింల సమస్య మన తెలుగు ప్రాంతాలలోనూ ఉన్నదే. పాకిస్తాన్ పౌరురాలు భారత అల్పసంఖ్యాకుల గురించి మాట్లాడటమేమిటని ఇక్కడ విసుక్కున్నవారున్నారు. ఆమె తన దేశంలోని అల్పసంఖ్యాకుల కోసం ఏమి చేశారో వారికి తెలిసి ఉండదు. దైవదూషణ ఆరోపణపై 1995లో మరణశిక్ష పడిన ఒక నిరక్షరాస్య క్రైస్తవ బాలుని తరఫున లాహోర్ హైకోర్టులో వాదించి విడిపించింది ఆమే. ఆవరణలో గుంపు ఆమె కారును ధ్వంసం చేసింది. ఆ బాలుణ్ణి నిర్దోషిగా ప్రకటించిన న్యాయమూర్తులలో ఒకరు 1997లో హత్యకు గురయ్యారు.

తర్వాతి సంవత్సరాలు త్వరగా చెప్పుకోవచ్చు. 2007 నవంబరులో జనరల్ ముషర్రఫ్ అత్యవసర పరిస్థితి విధించినప్పుడు ఆమెను గృహనిర్బంధంలో ఉంచారు. తొలగించబడిన ప్రధాన న్యాయమూర్తి కోసం న్యాయవాదులు చేసిన ఉద్యమంలో ముందున్నారు. ఆ న్యాయమూర్తి తిరిగి వచ్చి హద్దు మీరుతున్నారనిపించినప్పుడు ఆయననూ విమర్శించారు. 2010లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ. 2016లో ఐక్యరాజ్యసమితి ఆమెను ఇరాన్ మానవహక్కుల ప్రతినిధిగా నియమించింది. ఇరాన్ ప్రభుత్వం రానివ్వలేదు. దేశం బయటి నుండే నివేదికలు సమర్పించారు.

2018 ఫిబ్రవరి 11న లాహోర్‌లో, 66వ ఏట ఆమె ఆకస్మికంగా మరణించారు. 13వ తేదీన గడాఫీ స్టేడియం వద్ద నమాజె జనాజా జరిగింది. దానికి ఇమామత్ వహించినవారు సయ్యద్ హైదర్ ఫారూఖ్ మౌదూదీ, మౌలానా సయ్యద్ అబుల్ అలా మౌదూదీ (రహ్మ) కుమారుడు. తండ్రి స్థాపించిన జమాఅత్ విధానాలతో ఆయన చాలాకాలంగా విభేదిస్తూ వచ్చినవారు. న్యాయమూర్తులు, రాజకీయ నాయకులు, బట్టీ కూలీలు, క్రైస్తవులు అక్కడికి వచ్చారు. స్త్రీలు పెద్దసంఖ్యలో వరుసలలో నిలబడి నమాజు చేశారు. పురుషుల వరుసలకు అంత దగ్గరగా నిలబడవచ్చునా అని మర్నాటి నుండి పత్రికలలో, మసీదులలో వాదోపవాదాలు చెలరేగాయి. ఆ ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల బహుమతిని మరణానంతరం ఆమెకు ప్రదానం చేసినప్పుడు, దానిని అందుకోవటానికి న్యూయార్క్ వెళ్ళింది ఆమె కుమార్తె.